చిన్న వ్యాపారానికి మనుషులను తీసుకుంటున్నారా? నేరుగా ఉద్యోగం, గడువు ఒప్పందం, ఏజెన్సీ, కన్సల్టెంట్: దేనికి ఎంత బాధ్యత

వ్యాపారం కాస్త పుంజుకుని మనుషుల్ని పెట్టుకునే దశకి రాగానే యజమాని చెవిన మూడు సలహాలు పడతాయి. "ఉద్యోగి అని రాయకండి, కన్సల్టెంట్ అని రాయించండి, పీఎఫ్ గొడవ ఉండదు." "ఏజెన్సీ ద్వారా పెట్టుకోండి, బాధ్యతంతా వాళ్లదే." "పదిమంది దాటేదాకా ఏ చట్టమూ మన జోలికి రాదు." మూడింటిలోనూ కొంత నిజం ఉంది, అందుకే ఇంతగా తిరుగుతున్నాయి. మిగిలిన అబద్ధమే యజమానిని ముంచుతుంది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: కాగితం మీద ఏ పేరు రాసినా, చట్టం చూసేది రోజూ పని ఎలా జరుగుతోందని. ఆ పనిని బట్టి పద్ధతి ఎంచుకుంటే ఖర్చు ముందే తెలుస్తుంది. ఖర్చు తప్పించుకోవడానికి పద్ధతి ఎంచుకుంటే అది కొన్నేళ్ల తర్వాత వడ్డీతో వస్తుంది.

ఇక్కడ చెప్పేవి మన దేశపు చట్టాలు. రాష్ట్రం ప్రస్తావన వచ్చినచోట తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అని అర్థం. 2025 నవంబర్ 21 నుంచి 29 పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. కొత్త నియమాలు కుదురుకునేదాకా, కోడ్‌లకు విరుద్ధం కాని పాత నియమాలు, స్కీములు కొనసాగుతాయి.

ఒక్కరే ఉన్నా తప్పనివి

మూడో సలహాతో మొదలుపెడతాను, ఎందుకంటే బాగా చిన్న వ్యాపారాలు నమ్మేది దాన్నే.

కనీస వేతనానికి మనుషుల సంఖ్యతో పనిలేదు. షాపులో ఒకే ఒక్క కుర్రాడు ఉన్నా అతనికి రాష్ట్రం ప్రకటించిన కనీస వేతనం ఇవ్వాలి. ధరలను బట్టి ఇచ్చే కరువు భత్యం ఏటా రెండుసార్లు, ఏప్రిల్‌లోనూ అక్టోబర్‌లోనూ మారుతుంది. పోయినేడు సరిపోయిన జీతం ఈ ఏడాది తక్కువ పడొచ్చు. ఓవర్‌టైమ్‌కి రెట్టింపు రేటు. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీ దాటకూడదు. మనిషి మానేసినా, మీరే మాన్పించినా బాకీ జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలని వేతనాల కోడ్ చెబుతోంది. "ఫుల్ అండ్ ఫైనల్ 45 రోజుల తర్వాత" అని లెటర్‌లో రాసుకునే అలవాటు ఇక చెల్లదు.

పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరం. ఆ చట్టం కోడ్‌లలో కలవలేదు, విడిగా అలాగే ఉంది. పద్నాలుగు నుంచి పద్దెనిమిది మధ్యవాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. వయసు తెలిపే కాగితం చూడకుండా ఎవర్నీ పనిలోకి తీసుకోవద్దు.

షాపుల చట్టం కింద వ్యాపారం మొదలైన 30 రోజుల్లో రిజిస్ట్రేషన్ చేయించాలి. వృత్తి పన్ను మన రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే: జీతం 15,000 దాటితే నెలకు 150 రూపాయలు, 20,000 దాటితే 200. జీతంలో పట్టుకుని మీరు కట్టాలి. డబ్బు చిన్నదే, కానీ కట్టకుండా వదిలేస్తే అది మీ బాకీ అవుతుంది.

అన్నిటికన్నా పెద్దది ప్రమాద పరిహారం. దీని గురించి చిన్న యజమానులు దాదాపు ఆలోచించరు. ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) లేని చోట పనిలో ఉండగా మనిషికి ఏమైనా అయితే పరిహారం నేరుగా యజమాని మీద పడుతుంది. లెక్క ఇలా ఉంటుంది: మరణమైతే నెల జీతంలో సగాన్ని వయసుకు తగిన గుణకంతో హెచ్చిస్తారు. లెక్కకు తీసుకునే జీతం గరిష్ఠంగా 15,000. ముప్ఫై ఏళ్ల మనిషికి గుణకం 207.98. అంటే 7,500ను 207.98తో హెచ్చిస్తే 15,59,850 రూపాయలు. నెలలోగా ఇవ్వకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ. నలుగురు పనిచేసే వెల్డింగ్ షాపుకి ఇది షాపు మూసేసేంత మొత్తం. పోయిన మనిషి కుటుంబానికి చూస్తే అది మిగిలిన ఒక్క ఆధారం. పైగా కొత్త కోడ్‌లో ఇంటికీ పనిచోటుకీ మధ్య ప్రయాణంలో జరిగే ప్రమాదాన్ని కూడా, పనితో సంబంధం ఉందని తేలితే, పనిలో జరిగినట్టే లెక్కిస్తారు. ఈఎస్ఐ పరిధిలోకి రాని ప్రతి చిన్న వ్యాపారం ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ తీసుకోవాలని గట్టిగా చెబుతాను. బీమా ఏజెంట్లలో చాలామంది దీన్ని ఇప్పటికీ వర్క్‌మెన్ పాలసీ అనే అంటారు.

పది, ఇరవై

సంఖ్య పెరిగేకొద్దీ కొత్త బాధ్యతలు వస్తాయి. వాటిలో పది, ఇరవై అనే రెండు మెట్లు ముఖ్యం.

పదిమంది అయ్యారంటే ఈఎస్ఐ వస్తుంది. జీతం నెలకు 21,000 లోపు ఉన్నవాళ్లకు మీరు 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం. దీన్ని అదనపు ఖర్చుగా చూసి బాధపడేవాళ్లే ఎక్కువ. నా దృష్టిలో మాత్రం చిన్న వ్యాపారానికి ఇంత చవకైన రక్షణ మరొకటి లేదు. పైన చెప్పిన పరిహారం భారం ఆ మనిషి విషయంలో మీ మీద నుంచి ఈఎస్ఐ మీదికి పోతుంది. ప్రసూతి సెలవు జీతం కూడా అంతే. పదిమంది ఉన్న చోట మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. ఈఎస్ఐలో ఉన్న మహిళకు ఆ డబ్బు ఈఎస్ఐ ఇస్తుంది, లేకపోతే యజమాని ఇవ్వాలి. "ప్రసూతి సెలవు భరించలేం" అని ఆడపిల్లల్ని తీసుకోవడానికి వెనకాడే యజమానులు ముందు ఈ లెక్క చూడాలి. 21,000 లోపు జీతాల్లో ఆ భయానికి అసలు ఆధారమే లేదు.

అదే మెట్టు దగ్గర గ్రాట్యుటీ, అంటే మనిషి పని వదిలేటప్పుడు ఇచ్చే సర్వీసు మొత్తం, కూడా మొదలవుతుంది: అయిదేళ్లు పూర్తయితే ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున. లైంగిక వేధింపుల ఫిర్యాదులకు సంస్థలోనే అంతర్గత కమిటీ వేయాలి. పదిమంది కన్నా తక్కువ ఉంటే మహిళలు జిల్లా స్థాయి కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. అపాయింట్‌మెంట్ లెటర్‌ను పనిచోటి భద్రతకు సంబంధించిన కొత్త కోడ్ ఈ పదిమంది దగ్గరే తప్పనిసరి చేసింది. ఒకరిద్దరే ఉన్నా ఇవ్వమనే నా సలహా. రేపు ఏ గొడవ వచ్చినా జీతమెంత, చేరిందెప్పుడు అన్నది ఆ కాగితంతోనే తేలుతుంది.

ఇరవైమందితో పీఎఫ్, బోనస్ వస్తాయి. బోనస్ కనిష్ఠం 8.33 శాతం, గరిష్ఠం 20 శాతం. పీఎఫ్‌లో బేసిక్ (మూల వేతనం), డీఏ (కరువు భత్యం)ల మీద ఇద్దరూ చెరో 12 శాతం కట్టాలి. చట్టం ప్రకారం తప్పనిసరి లెక్క 15,000 దాకానే. బేసిక్ 15,000 దాటి, అంతకుముందు పీఎఫ్ సభ్యత్వం లేని మనిషిని చేర్చడం తప్పనిసరి కాదు. యజమాని వాటాను ఉద్యోగి జీతంలోంచి కోయకూడదు. ఉద్యోగి వాటా కోసి కట్టకుండా ఉంచుకుంటే అది నమ్మకద్రోహం నేరం కిందికి వస్తుంది. డబ్బుకి ఇబ్బందిగా ఉన్న నెలలో కరెంటు బిల్లు ఆలస్యమైనా పర్లేదు కానీ, 15వ తేదీలోగా కట్టాల్సిన ఈ చలానా మాత్రం ఆగకూడదు.

ఒకసారి పీఎఫ్, ఈఎస్ఐ పరిధిలోకి వచ్చాక, తర్వాత మనుషులు తగ్గినా బయటపడరు. కాబట్టి పందొమ్మిది దగ్గర ఆగిపోయి ఇరవయ్యో మనిషిని పుస్తకాల్లో చూపించకపోవడం చాలాచోట్ల జరుగుతుంది. హాజరు పట్టీ ఒకటి చెప్పి, బ్యాంకు బదిలీలు ఇంకొకటి చెబితే ఇన్‌స్పెక్టర్‌కి తెలుసుకోవడం కష్టం కాదు.

ఇంకో పాత చిట్కా కూడా పోయింది. బేసిక్ తగ్గించి అలవెన్సులు పెంచి పీఎఫ్, గ్రాట్యుటీ తగ్గించుకునేవాళ్లు. ఇప్పుడు వేతనం లెక్కలోకి రాని అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, ఆ దాటిన భాగాన్ని వేతనంలో కలిపే లెక్కిస్తారు.

నేరుగా తీసుకుంటే నిజంగా ఎంత?

నెలకు 16,000 వేతనం ఉన్న మనిషిని ఇరవైమంది దాటిన సంస్థలో తీసుకున్నారనుకుందాం. 15,000 మీద పీఎఫ్ వాటా 1,800. పీఎఫ్‌తో పాటే కట్టాల్సిన బీమా, నిర్వహణ ఛార్జీలు చెరో అర శాతం కలిపి 150. ఈఎస్ఐ 520. ఇక్కడికి 2,470. గ్రాట్యుటీకి నెలనెలా పక్కన పెట్టుకోవాలంటే సుమారు 770. బోనస్ కాకుండా మొత్తం 3,240 దగ్గర, అంటే జీతం మీద అయిదో వంతు. జీతం మాట్లాడేటప్పుడే ఈ అయిదో వంతు మనసులో పెట్టుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

ఇందులో కొంత ప్రభుత్వం నుంచి తిరిగి వచ్చే అవకాశం ఇప్పుడుంది. ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన కింద 2025 ఆగస్టు 1 నుంచి 2027 జూలై 31 మధ్య అదనంగా ఉద్యోగులను చేర్చుకున్న పీఎఫ్ సంస్థలకు రెండేళ్ల పాటు ఒక్కొక్కరికీ నెలకు 3,000 దాకా ఇస్తారు. పీఎఫ్ వేతనం 10,000 నుంచి 20,000 మధ్య ఉంటే అది 2,000. యాభైమంది కన్నా తక్కువ ఉన్న సంస్థ కనీసం ఇద్దరిని అదనంగా తీసుకుని ఆరు నెలలు నిలబెట్టుకోవాలి. పై లెక్కలోని మనిషి విషయంలో 2,470లో ఎక్కువ భాగం దీంతోనే తీరిపోతుంది.

నేరుగా తీసుకున్నవాళ్లను పంపేయడం కుదరదనే భయం కూడా ఉంది. కుదురుతుంది, పద్ధతి పాటించాలి. ఏడాది నిరంతరంగా పనిచేసిన కార్మికుణ్ని పని లేక తీసేయాలంటే నెల నోటీసు, ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున పరిహారం, ప్రభుత్వానికి సమాచారం. ప్రభుత్వ అనుమతి ముందే తీసుకోవాలన్న షరతు 300 మంది ఉన్న పరిశ్రమలకు, చిన్నవాళ్లకు కాదు. ప్రొబేషన్ అనేది పనితీరు చూసుకోవడానికే. పీఎఫ్, ఈఎస్ఐ ప్రొబేషన్‌లో కూడా మొదటి రోజు నుంచే లెక్క.

గడువు ఒప్పందం

ఆర్నెల్లకో, ఏడాదికో అని ముందే రాసుకుని తీసుకోవడం. ఇప్పుడు చట్టంలో దీనికి స్పష్టమైన చోటుంది. గడువు పూర్తయి ఒప్పందం ముగిస్తే దాన్ని ఉద్యోగం నుంచి తీసేసినట్టు లెక్కించరు, కాబట్టి ఆ పరిహారం ఉండదు. బదులుగా, అదే పని చేసే పర్మినెంట్ ఉద్యోగికి ఇచ్చే జీతం, సౌకర్యాలు, పనిగంటలే వీళ్లకీ ఇవ్వాలి. గ్రాట్యుటీకి అయిదేళ్లు ఆగక్కర్లేదు, ఏడాది చేస్తే చాలు.

అంటే ఇది చవక మార్గం కాదు, ముగింపు తేదీ ఉన్న మార్గం. ఒక ఆర్డరు పూర్తయ్యేదాకా, ప్రసూతి సెలవులో ఉన్నవాళ్లు తిరిగి వచ్చేదాకా, కొత్త బ్రాంచి నిలదొక్కుకుంటుందో లేదో తేలేదాకా ఇది చక్కగా సరిపోతుంది. ఏటా అదే మనిషితో అదే పనికి ఒప్పందం తిరగరాస్తూ పోతుంటే మాత్రం ఆ పని తాత్కాలికం కాదని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. రెండోసారి పొడిగించేటప్పుడే పర్మినెంట్ చేయండి.

ఏజెన్సీ

మ్యాన్‌పవర్ ఏజెన్సీ మనిషిని ఇస్తుంది, జీతం, పీఎఫ్, ఈఎస్ఐ తనే కడుతుంది, మీకు బిల్లు వేస్తుంది. కాగితాల పని తగ్గుతుందన్నది నిజం. బాధ్యత పోతుందన్నది నిజం కాదు. ఏజెన్సీ జీతం ఎగ్గొడితే ఆ మనిషి పనిచేసిన సంస్థ యజమాని ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది. పీఎఫ్, ఈఎస్ఐ కూడా ఏజెన్సీ కట్టకపోతే చివరికి అడిగేది మిమ్మల్నే. ఉద్యోగి అనే నిర్వచనంలో కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవాళ్లూ ఉన్నారు కాబట్టి తలల సంఖ్య దాచడానికీ ఇది పనికిరాదు. యాభైమంది కాంట్రాక్టు కార్మికుల లోపు లైసెన్సు నియమాలు వర్తించవన్నది ఒక్కటే చిన్నవాళ్లకు ఊరట.

ఖర్చు చూద్దాం. అదే 16,000 వేతనానికి 2,470 కలిపితే 18,470. దాని మీద ఏజెన్సీ తన ఛార్జీ వేసుకుంటుంది. ఆ ఛార్జీ పక్కన పెట్టినా 18 శాతం జీఎస్టీ 3,325 దాకా అవుతుంది. మామూలు జీఎస్టీలో ఉన్నవాళ్లు ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. కాంపోజిషన్ స్కీములో (క్రెడిట్ లేకుండా తక్కువ రేటు పన్ను కట్టే పద్ధతి) ఉన్న షాపుకీ, జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని వ్యాపారానికీ అది పూర్తిగా చేతి ఖర్చు. చిన్న దుకాణాలు ఏజెన్సీ కొటేషన్ చూసేటప్పుడు మర్చిపోయేది దీన్నే.

సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ లాంటి, మీ వ్యాపారంలో మూలమైనవి కాని పనులకు ఏజెన్సీ బాగుంటుంది, ఎందుకంటే ఒకరు రాకపోతే ఇంకొకరిని పంపుతారు. తీసుకుంటే మాత్రం ప్రతి నెలా బిల్లుతో పాటు పోయిన నెల పీఎఫ్, ఈఎస్ఐ చలానాలు, అందులో మీ దగ్గర పనిచేసే వాళ్ల పేర్లు ఉన్న జాబితా ఇస్తేనే డబ్బు కడతానని ఒప్పందంలో రాయించండి.

కన్సల్టెంట్ అనే పేరు

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. నెలనెలా ఒకే మొత్తం, పది శాతం టీడీఎస్, పీఎఫ్ లేదు, సెలవు లేదు. కాగితం మీద ఫ్రీలాన్సర్. కానీ ఆ అమ్మాయి ఉదయం తొమ్మిదిన్నరకి వచ్చి బయోమెట్రిక్ వేస్తుంది, మీ కంప్యూటర్ మీద పనిచేస్తుంది, సెలవుకి మీ పర్మిషన్ అడుగుతుంది.

కోర్టులు దీన్ని ఎలా చూస్తాయో తెలియాలంటే మన దగ్గరి కేసే ఉంది. 1973లో సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తెలంగాణ ప్రాంతపు షాపుల చట్టం కింద వచ్చిన వివాదం అది. అక్కడి దర్జీలకు నెల జీతం లేదు, కుట్టిన బట్టకింత అని ఇచ్చేవారు. ఇన్ని గంటలు ఉండాలన్న నియమం లేదు, ఒక రోజు రాకపోతే సెలవు చీటీ పెట్టాల్సిన పని లేదు, కొందరు బట్టలు ఇంటికి తీసుకెళ్లి కుట్టేవారు కూడా. అంత స్వేచ్ఛ ఉన్నా కోర్టు వాళ్లను ఉద్యోగులే అంది. మిషన్లు షాపువి. కుట్టు చెప్పినట్టు లేకపోతే వెనక్కి ఇచ్చి మళ్లీ కుట్టించే హక్కు యజమానిది. నిర్ణయానికి ఈ రెండు విషయాలు బలంగా పనిచేశాయి. ఆ దర్జీలతో పోలిస్తే బయోమెట్రిక్ వేసే మన "కన్సల్టెంట్" ఎంత గట్టి ఉద్యోగో మీరే ఆలోచించండి.

తేడా వస్తే ఎంత పడుతుంది? పీఎఫ్ పరిధిలోకి వచ్చే సంస్థలో 15,000 వేతనంతో అయిదుగురిని ఇలా మూడేళ్లు నడిపారనుకోండి. పాత నెలల ఉద్యోగి వాటాను ఇప్పుడు వాళ్ల జీతంలోంచి పట్టుకోవడానికి వీల్లేదు కాబట్టి రెండు వాటాలూ, అంటే 24 శాతం, మీరే కట్టాలి. నెలకు మనిషికి 3,600 చొప్పున మూడేళ్లకు 6,48,000. దాని మీద ఏడాదికి 12 శాతం వడ్డీ, నెలకు ఒక శాతం చొప్పున నష్టపరిహారం. సమయానికి కట్టి ఉంటే మీ వాటా ఇందులో సగమే.

నిజమైన ఫ్రీలాన్సర్‌కి ఈ పద్ధతి సరైనదే. నాలుగైదు సంస్థలకు పనిచేసే అకౌంటెంట్, తన కెమెరాతో వచ్చి ఫొటోలు తీసి బిల్లు ఇచ్చే మనిషి, వెబ్‌సైట్ చేసి అప్పగించే డెవలపర్. వాళ్లు తమ సమయం, తమ సామగ్రి, తమ పద్ధతి చూసుకుంటారు. మీరు ఫలితానికి డబ్బిస్తారు.

అప్రెంటిస్

నేర్పడానికి మీ దగ్గర నిజంగా ఏదైనా ఉంటే ఇది మంచి దారి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం నలుగురి నుంచి 29 మంది దాకా ఉన్న సంస్థలకు ఇది ఐచ్ఛికం, 30 మంది నుంచి తప్పనిసరి. పీఎఫ్, ఈఎస్ఐ ఉండవు. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకంలో స్టైపెండ్‌లో 25 శాతం, గరిష్ఠంగా నెలకు 1,500, కేంద్రమే నేరుగా ఆ పిల్లవాడి ఖాతాలో వేస్తుంది. శిక్షణ ఒప్పందాన్ని ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేస్తేనే ఇవన్నీ వర్తిస్తాయి. నమోదు లేకుండా "ట్రైనీ" అని పిలిచి కౌంటర్లో నిలబెడితే అతను మామూలు ఉద్యోగే, కనీస వేతనం ఇవ్వాల్సిందే.

మీ పరిస్థితికి ఏది?

మనుషులు పదిలోపు, పని ఏడాది పొడుగునా ఉంటుంది: నేరుగా తీసుకోండి. ఈ స్థాయిలో చట్టపరమైన ఖర్చు చాలా తక్కువ. లెటర్, కనీస వేతనం, బ్యాంకు ద్వారా జీతం, పరిహారం పాలసీ ఉంటే దాదాపు సరిపోతుంది. కన్సల్టెంట్ అని రాయించుకుని ఇక్కడ మిగుల్చుకునేది ఏమీ లేదు.

పదీ ఇరవై మధ్య ఉండి పెరుగుతున్నారు: ఈఎస్ఐ వెంటనే. పీఎఫ్‌కి ఇరవై దాకా ఆగక్కర్లేదు, ఉద్యోగులూ మీరూ కలిసి ఒప్పుకుంటే స్వచ్ఛందంగా చేరవచ్చు. పీఎఫ్ ఉన్న చోట మనుషులు నిలబడతారు. ఆర్డర్లు ఎగుడుదిగుడుగా ఉంటే, ఎప్పుడూ ఉండే పనికి నేరుగా, పైన వచ్చే పనికి గడువు ఒప్పందం. ఈ రెండింటి కలయిక చిన్న తయారీ యూనిట్లకు ఏజెన్సీ కన్నా మేలని నా నమ్మకం.

ఇప్పటికే తప్పు పేరుతో మనుషుల్ని నడుపుతుంటే, ఒక తేదీ పెట్టుకుని అందరికీ అపాయింట్‌మెంట్ లెటర్లు ఇచ్చి మార్చేయండి. మార్చేటప్పుడు వాళ్లు మొదట పనిలో చేరిన తేదీనే రాయండి, కొత్త తేదీ వేసి పాత సర్వీసు చెరిపేయొద్దు. "ఇక ఏ బాకీ లేదు" అని సంతకం తీసుకుంటే సరిపోతుందని ఎవరైనా చెప్పినా వినకండి. పీఎఫ్, గ్రాట్యుటీ లాంటి హక్కులు సంతకంతో పోవు. పాత నెలల బాకీ ఎంతో మీ ఆడిటర్‌తో లెక్క వేయించి, నోటీసు వచ్చేలోపు మీరే కట్టేస్తే వడ్డీ అక్కడితో ఆగుతుంది.